తుఫాను సంచిలో ముందు కాగితాలు, తర్వాతే బిస్కెట్లు

అక్టోబరు దగ్గర పడింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట రోజు విడిచి రోజు వినబడే కాలం ఇది. మన కోస్తాను కుదిపేసిన పెద్ద తుఫాన్లలో చాలావరకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే వచ్చాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన తుఫాను 1996 నవంబరు 6న. విశాఖ మీద హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. ఉద్దానంలో జీడిని, కొబ్బరిని ఊడ్చేసిన తిత్లీ 2018 అక్టోబరు 11న. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ 2023 డిసెంబరు 5న. ఈ తేదీలు వరుసగా పెట్టి చూస్తే రైతుకు ఇట్టే తెలిసిపోతుంది. వరి పొట్ట మీదో, పాలు పోసుకునే దశలోనో, కోసి పనల మీదో ఉన్నప్పుడే ఇవి వస్తాయి. పెట్టుబడంతా పొలంలో ఉండి చేతిలో పైసా ఆడని రోజులవి.

ఈ రోజుల్లో టీవీలోను, ఫోన్‌కి వచ్చే మెసేజిల్లోను ఒక జాబితా చెబుతుంటారు. టార్చిలైటు, కొవ్వొత్తులు, బిస్కెట్లు, మంచినీళ్లు, మందులు ఒక సంచిలో సర్దుకోండి, ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి, కారులో ఒకటి ఉంచుకోండి అంటారు. మంచి మాటే, కాదనం. కానీ అది రాసినవాళ్ల కళ్ల ముందున్నది పట్నంలో ఫ్లాటు, నెల జీతం. మన ఇంటికి పాక ఉంటుంది, పాకలో గేదె ఉంటుంది. మన ఆఫీసు పొలం. మన కారు మోటారు సైకిలో, ట్రాక్టరో. ఇంకో తేడా కూడా ఉంది. తుఫాను వెళ్లిపోయాక ఉద్యోగికి ఒకటో తారీఖున జీతం పడుతుంది. మనకు రావలసింది నష్టపరిహారం. దానికి కాగితం కావాలి. అందుకే మన సంచిలో మొదట పడాల్సింది బిస్కెట్ ప్యాకెట్టు కాదు, కాగితాలు అంటున్నాం.

ఈ విషయం కమిటీలో ఎత్తినప్పుడు మన సభ్యులే కొందరు ఒప్పుకోలేదు. సంచులు సర్దుకోమని చెప్పడం స్వచ్ఛంద సంస్థల పని, డిమాండ్ చేయడం సంఘం పని అన్నారు. రేపు నష్టం జరిగితే ‘మీరు జాగ్రత్త పడలేదు’ అని తప్పు మన మీదికే నెడతారు అన్నారు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. మురుగు కాలవల్లో గుర్రపుడెక్క తీయనివాళ్లు, గట్లకు గండ్లు పడితే పూడ్చనివాళ్లు, మనల్ని టార్చిలైటు కొనుక్కోమనడం మాకూ ఒళ్లు మండే సంగతే. కానీ ఒకటి ఆలోచించండి. నష్టం జాబితాలో పేరు లేదని తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు మన దగ్గర ఏం ఉంటుంది? పది మంది గొంతు ఉంటుంది. లోపల ఉన్నవాళ్లు అడిగేది మాత్రం రుజువు. రుజువు లేని ధర్నాకు ఒక రోజు పత్రికలో ఫొటో వస్తుంది, డబ్బు రాదు. కాబట్టి సంచి సర్దుకోవడాన్ని మేము డిమాండుకు బదులుగా చెప్పడం లేదు. డిమాండుకు కావలసిన ఆధారం కూడగట్టుకోవడంగా చెబుతున్నాం.

కాగితాలు

పట్టాదారు పాసు పుస్తకం, 1బి, అడంగల్ నకలు, ఈ-పంట నమోదు రసీదు, కౌలుదారైతే కౌలు కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, పంట బీమా కట్టిన రసీదు, సొసైటీ అప్పు కాగితం, విత్తనాలు, ఎరువులు కొన్న బిల్లులు. బిల్లులెందుకు అంటారేమో, విత్తనం నాసిరకమని తేలిన రోజున అవే దిక్కు. ఇంట్లో ఎవరికైనా పింఛను ఉంటే ఆ కాగితం, జబ్బు ఉంటే డాక్టరు చీటీ కూడా వీటితోనే ఉండాలి.

ఇవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. చాలా ఇళ్లలో కొన్ని బీరువా అడుగు అరలో, కొన్ని ట్రంకు పెట్టెలో, ఇంకొన్ని దేవుడి గూట్లో ఉంటాయి. నీళ్లు ముందు తడిపేది అడుగు అరనే. రెండు మందపాటి పాలిథిన్ కవర్లు తీసుకుని ఒకదానిలో ఒకటి పెట్టండి. లోపలి కవరు మూతి మెలితిప్పి మడిచి రబ్బరు బ్యాండు వేయండి, తర్వాత పై కవరు కూడా అలాగే. దాన్ని నడుముకో భుజానికో తగిలించుకునేలా చిన్న గుడ్డసంచిలో వేసి, తలుపు పక్కన ఎత్తుగా మేకుకు తగిలించండి. జిరాక్సు కాపీలు ఇంకో సెట్టు తీసి మెరక ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో పెట్టండి. ప్రతి కాగితానికి ఫోన్‌లో ఫొటో తీసి, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు పంపండి. ఫోన్ నీళ్లలో పడినా ఫొటోలు వాళ్ల దగ్గర ఉంటాయి. వాడటం వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే డిజీలాకర్‌లో కూడా పెట్టించుకోవచ్చు.

కాగితం తర్వాత ఫొటోలు. తుఫాను హెచ్చరిక రాగానే, వాన మొదలుకాకముందే, పొలానికి వెళ్లి గట్టు మీద నిలబడి ఒక ఫొటో తీయండి. కరెంటు స్తంభమో, తాటిచెట్టో, బోదె తూమో, మీ పొలమని ఆనవాలు పట్టే వస్తువు అందులో పడాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. నీళ్లు వచ్చాక, మళ్లీ తీశాక, అదే చోట నిలబడి తీయండి. పంట 33 శాతానికి మించి పోతేనే పెట్టుబడి సాయం అన్నది కేంద్రం నిబంధన. నీళ్లు తీసిన పది రోజులకు సిబ్బంది వచ్చి చూస్తే కొంత చేను పచ్చగానే కనిపిస్తుంది, గింజ మాత్రం తాలు. ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టి చూపితే వాదనకు బలం వస్తుంది. బీమా కట్టినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కోసి పొలంలో ఆరేసిన పంట 14 రోజుల్లోపు తుఫానుకు గాని అకాల వర్షానికి గాని దెబ్బతింటే, నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి. ఫోన్ నంబరు 14447. ఆ మూడు రోజుల్లో కరెంటు ఉండదు, సిగ్నలు ఉండదు. నిబంధన రాసినవాళ్లు తుఫాను చూశారో లేదో మాకు అనుమానమే. అయినా సిగ్నలు దొరికిన మొదటి నిమిషంలో చేయాల్సిన ఫోన్లలో అది ఒకటి.

పశువులకు కూడా కాగితం ఉంది. చెవికి వేసిన పసుపు పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు కనపడేలా ప్రతి గేదెకు, ఆవుకు ఫొటో తీసి, నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. పాడి గేదె చనిపోతే 2022-26 విపత్తు సాయం నిబంధనల ప్రకారం 37,500 రూపాయలు, గొర్రెకు మేకకు 4,000. దానికి అధికారి ధ్రువీకరణ కావాలి. కాలవలో కొట్టుకుపోయిన గేదెకు ‘కళేబరం ఫొటో ఏది’ అని అడిగిన ఆఫీసు ఒకటి మాకు తెలుసు. బతికున్నప్పటి ఫొటో, చెవిపోగు నంబరు ఉంటే కనీసం ఆ గేదె ఉండేదని నిరూపించవచ్చు.

కౌలుదారు సంచిలో ఏముంది?

అసలు గొడవ ఇక్కడ ఉంది. పైన చెప్పిన కాగితాలన్నీ సొంత భూమి ఉన్నవాడికి ఉంటాయి. డెల్టాలో దున్నుతున్నది ఎవరో అందరికీ తెలుసు. ఊళ్లో కౌలుదారులను నిలబెట్టి మీ సంచిలో ఏం పెడతారని అడిగితే ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం చూపిస్తారు. పొలం తమ చేతిలో ఉందని చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు.

2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలకు కార్డు ఇస్తారు, కానీ భూయజమాని సంతకం పెట్టాలి. యజమాని పెట్టడు. పెడితే భూమి పోతుందేమోనని ఒకరి భయం, సాయం డబ్బు తన ఖాతాలో పడదని ఇంకొకరి బాధ. యజమాని విజయవాడలోనో అమెరికాలోనో ఉంటే సంతకం అడిగే దారే లేదు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం వేరేవాళ్లకు ఇస్తారు. కాబట్టి కౌలుదారు నోరు మూసుకుంటాడు. ఈ-పంటలో ఎవరి పేరు ఎక్కిందో సాయం జాబితా అక్కడి నుంచే మొదలవుతుంది. ఒకే తుఫానులో పంట పోయేది ఒకడికి, పరిహారం పడేది ఇంకొకడికి.

పడే పరిహారమైనా ఎంత? సాగునీటి భూమికి హెక్టారుకు 17,000 అన్నది కేంద్రం విపత్తు నిధి 2022-26 లెక్క. ఎకరాకు ఏడు వేలు కూడా రాదు. అదీ 2 హెక్టార్ల వరకే. రాష్ట్రం అప్పుడప్పుడు కొంత కలుపుతుంది. ఎకరా వరికి దమ్ము, నాట్లు, ఎరువులు, కోత, ఆ పైన కౌలు గింజలు కలిపితే ఎంతవుతుందో ఈ పత్రిక చదివేవాళ్లకు మేము చెప్పనక్కర్లేదు. ఆ ఏడు వేలు కూడా దున్నినవాడికి దక్కనప్పుడు, వాడిని సంచి సర్దుకోమని చెప్పడం ఎగతాళిలా ఉంటుంది.

అందుకని కౌలుదారులు కార్డు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకుండా, ఇప్పుడు చేయగలిగినది చేయాలి. కౌలు ఇచ్చినప్పటి చీటీ తెల్లకాగితం మీదున్నా సరే దాచండి. కౌలు డబ్బు ఫోన్‌పే ద్వారా పంపితే ఆ వివరం దాచండి. ఎరువులు, పురుగుమందులు కొన్నప్పుడు బిల్లు మీ పేరునే రాయించుకోండి. ట్రాక్టరు దమ్ము, కోత మిషను లెక్కలున్న పుస్తకం దాచండి. పక్క పొలం రైతులు ఇద్దరి చేత ‘ఈ సర్వే నంబరులో ఈ ఏడు సాగు చేసింది ఫలానా వారు’ అని రాయించి సంతకాలు పెట్టించండి. ఇవి చట్టం ముందు కార్డుతో సమానం కావు. కానీ పదిమంది కౌలుదారులు ఇలాంటి కట్టలు పట్టుకుని ఒకేసారి వెళ్తే ‘మీరెవరో మాకు తెలియదు’ అని పంపేయడం కష్టం.

ఇంట్లో

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు జనం మేడల మీద రోజుల తరబడి ఉన్నారు. చుట్టూ నీళ్లే, తాగడానికి గ్లాసు నీళ్లు లేవు. మరునాడే ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. కృష్ణా లంకల్లో పసుపు, కంద, అరటి మునిగాయి. పట్నంలోనే పడవ చేరడానికి అన్ని రోజులు పడితే మన లంక గ్రామాలకు ఎప్పుడు వస్తుందో లెక్క వేసుకోండి. మూడు రోజులు ఎవరూ రారనుకుని సర్దుకోవాలి.

మనిషికి రోజుకు తాగడానికి, వండుకోవడానికి కలిపి మూడు నాలుగు లీటర్లు కావాలి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 20 లీటర్ల క్యాన్లు రెండు ఉంటే సరిపోతాయి. హెచ్చరిక రాగానే నింపి మూత బిగించి అటక మీద పెట్టండి. ఆశా కార్యకర్త దగ్గర క్లోరిన్ బిళ్లలు అడిగి తీసుకోండి, పొట్లం మీద రాసిన లీటర్ల లెక్కనే వేయండి, బావికి మునిగిన ఊళ్లో నీళ్లను నమ్మవద్దు. తిండికి అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లం చాలు. పొయ్యి వెలిగించకుండా కడుపు నింపేవి ఇవే, ధర కూడా బిస్కెట్లకన్నా తక్కువ. పసిపిల్లలుంటే పాలపొడి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి.

బీపీ, షుగరు బిళ్లలు రెండు వారాలకు సరిపడా ముందే తెచ్చుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్లకు కరెంటు పోతే ఫ్రిజ్ ఉండదు. మట్టికుండ చుట్టూ తడిగుడ్డ కప్పి, లోపల సీసాను నీళ్లు తగలకుండా డబ్బాలో పెడితే చల్లగా ఉంటుంది. నెలలు నిండిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే హెచ్చరిక వచ్చిన రోజే ఆసుపత్రి ఉన్న ఊరికి పంపేయండి, రోడ్డు తెగాక 108 కూడా రాలేదు.

చిల్లర నోట్లు ఉంచుకోండి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. ఇప్పుడు పచ్చిమిరపకాయలు కూడా ఫోన్‌తోనే కొంటున్నాం కాబట్టి ఆ పరిస్థితి వస్తే ఇంకా ఇబ్బంది. స్మార్టు ఫోన్ ఒక్కటే నమ్ముకోకుండా మీటల ఫోన్ ఒకటి చార్జింగ్ పెట్టి ఉంచండి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఉంటే ఇంకా మంచిది. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి కవరులో పెట్టండి: అన్నిటికీ 112, అంబులెన్సుకు 108, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూముకు 1070, తెగిపడిన కరెంటు తీగకు 1912, పశువుల అంబులెన్సుకు 1962.

ఇంట్లో ఈ సంచి సర్దేది, సర్దినది ఎక్కడుందో గుర్తుండేది ఆడవాళ్లకే. తుఫాను షెల్టరులో మరుగు లేక, తడిబట్టలు మార్చుకునే చోటు లేక అవస్థ పడేదీ వాళ్లే. ఒక దుప్పటి, తాడు, నాలుగు పిన్నీసులు ఉంటే తెర కట్టుకోవచ్చని ఒక సభ్యురాలు చెప్పారు. మగవాళ్లం పదిమంది కూర్చుని రాసిన జాబితాలో ఆ మాట లేదు. కాబట్టి దీని మీద జరిగే సమావేశాలకు ఆడవాళ్లను పిలవకపోతే ఆ సమావేశం దండగ.

గొడ్ల సంగతి. నీళ్లు వస్తాయన్న రాత్రి పలుపు విప్పి వదిలేయండి. కట్టుగొయ్యకు కట్టేసిన గేదె ఈదలేదు. విప్పిన గేదె గట్టు వెతుక్కుంటుంది. గొంతువాపు టీకా ముందే వేయించండి. వరద తర్వాత చిత్తడిలో ఆ జబ్బు వస్తే ఒక్క రోజులో పశువు పోతుంది. ఎండుగడ్డి కొంత మెరక మీదికి చేర్చి బరకం కప్పండి.

హెచ్చరికలకు అర్థం ఇంట్లో అందరికీ తెలియాలి. ప్రకాశం బ్యారేజి దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ధవళేశ్వరం దగ్గర 10, 13, 17 లక్షలకు మూడు హెచ్చరికలు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు. 2022 జూలైలో భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులు చేరింది. లంకల్లో ఉన్నవాళ్లు మొదటి హెచ్చరికకు గొడ్లను, కాగితాలను గట్టుకు చేర్చాలి, రెండోదానికి మనుషులు కదలాలి. మూడోదాకా ఆగితే పడవ కోసం ఎదురుచూడాల్సిందే.

పొలంలో

పొలానికి మేము చెప్పే సంచి కొంచెం వింతగా ఉంటుంది. అందులో మొదటిది కళ్లుప్పు. పనల మీద ఉన్న వరి తడిస్తే గింజ మొలకెత్తకుండా ఉప్పు ద్రావణం చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. లీటరు నీటికి 50 గ్రాములు. ఎకరాకు 200 లీటర్లు కొట్టాలంటే 10 కిలోల ఉప్పు కావాలి. వాన తెరిపి ఇచ్చిన పూట అందరూ ఒకేసారి కొట్టుకు పరుగెత్తితే ఊళ్లో ఉప్పు దొరకదు. ముందే కొని డబ్బాలో మూతపెట్టి ఉంచితే ఖర్చు వంద రెండు వందలు మించదు, మిగిలితే గొడ్లకు, పచ్చళ్లకు పనికొస్తుంది.

రెండోది బరకాలు. మిచౌంగ్ వచ్చినప్పుడు కోత మీదున్న వరి, కళ్లాల్లో ధాన్యం తడిసి రైతు ఏడ్చిన ఏడుపు ఎవరూ మరిచిపోలేదు. కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదంటారు. ఆ రోజుల్లో బరకం అద్దెకు తెచ్చుకోవాల్సి వచ్చింది, అద్దె అడిగినంత ఇవ్వాల్సి వచ్చింది. నలుగురు రైతులు కలిసి కొనుక్కోవచ్చు. కానీ దీనికి డబ్బు మనమే పెట్టుకోవాలని మేము అనం. రైతు సేవా కేంద్రాల్లో సగం ధరకు బరకాలు అక్టోబరులోనే ఇవ్వాలి. డిసెంబరులో తుఫాను వెళ్లిపోయాక ఇచ్చే బరకం ఎవరికి?

షెడ్డులో పురుగుమందులుంటే అటక మీదికి ఎత్తండి, మునిగితే ఆ నీళ్లే గొడ్లు తాగుతాయి. మోటారు స్టార్టరుకు ఫ్యూజులు పీకేయండి. తడిచేత్తో ముట్టుకోవద్దు, నీళ్లు తీశాక కూడా లైన్‌మ్యాన్ చూడకుండా ఆన్ చేయవద్దు.

తుఫాను లేని రోజుల్లో కూడా పొలం దగ్గర ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి: ఒక సబ్బు, అయిదు లీటర్ల మంచినీళ్లు, శుభ్రమైన పొడవాటి గుడ్డ, రెండు బద్దలు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. మందు ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగాలి, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందు డబ్బా మీది లేబులు తప్పకుండా తీసుకెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు విరుగుడు ఇవ్వగలడు. గుడ్డ, బద్దలు పాముకాటుకు. కాటు పడిన చోట కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టి గుడ్డ వదులుగా చుట్టి, బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. వరద తర్వాత గట్ల మీద మనుషులు, పాములు ఒకే చోటికి చేరతారు. మంత్రగాడి దగ్గర పోయే గంటే ప్రాణం తీస్తుంది. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో నిల్వ ఉందో గ్రామ కమిటీ ముందే వెళ్లి కనుక్కోవాలి. లేదంటే అక్కడే అర్జీ ఇవ్వాలి.

బండిలో

ట్రాక్టరులో పొడవాటి గట్టి తాడు, టార్చి, పానాలు, పంక్చరు సామాను, ట్రక్కు వెనక ఎర్ర రేడియం స్టిక్కరు. మోటారు సైకిలు సీటు కింద ప్లాస్టిక్ కవరు, కొంచెం గుడ్డ, రాసిపెట్టిన నంబర్లు. ట్యాంకులో సగం పెట్రోలు ఎప్పుడూ ఉండాలి, కరెంటు పోతే బంకు కూడా ఆగిపోతుంది.

బండి విషయంలో సంచి కన్నా బుద్ధి ముఖ్యం. 2024 సెప్టెంబరు 1న మున్నేరు, ఆకేరు పొంగినప్పుడు ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లో కార్లతో సహా కొట్టుకుపోయినవాళ్లున్నారు. రెండడుగుల ప్రవాహం కారును తేల్చేస్తుంది, మోటారు సైకిలుకు మోకాలి లోతు చాలు. చప్టా మీద నీళ్లు పారుతుంటే ట్రాక్టరు ఎత్తుగా ఉంది కదా అని దింపేవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. ట్రక్కులో కూలీలను ఎక్కించుకుని దింపేవాళ్లకు మేము చెప్పేది ఒకటే, ఆ కూలీల ప్రాణం మీ సొత్తు కాదు.

మనం అడగాల్సినవి

సంచి మన పని. కాలవ ప్రభుత్వం పని. మురుగు కాలవల్లో పూడిక, గుర్రపుడెక్క తీయకుండా ఎన్ని సంచులు సర్దినా చేను మునిగి తీరుతుంది. కోతకు ముందే తీయించమని ఇరిగేషన్ అధికారులను అడగాలి. తీశామని బిల్లులు పెట్టిన కాలవల పేర్లు గోడకు అంటించమనాలి, మనం వెళ్లి చూసుకుంటాం. కౌలు కార్డుకు యజమాని సంతకం నిబంధన ఎత్తేయాలని, గ్రామసభలో సాగుదారును గుర్తించి ఈ-పంటలో పేరు ఎక్కించాలని అడగాలి. 72 గంటల గడువు కరెంటు, సిగ్నలు తిరిగి వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాలని అడగాలి. రైతు తీసిన ఫొటోను నష్టం అంచనాలో రుజువుగా తీసుకోవాలని అడగాలి. తుఫాను షెల్టర్ల తాళాలు ఎవరి దగ్గరున్నాయో, లోపల జనరేటరు నడుస్తుందో లేదో, మరుగుదొడ్లకు తలుపులున్నాయో లేదో ఇప్పుడే చూపించమనాలి.

అక్టోబరు 10లోపు ప్రతి గ్రామ కమిటీ ఒక సాయంత్రం కూర్చోవాలి. ఎవరింట్లో కాగితాలు సర్దలేదో చూడాలి. రాయడం రాని ముసలివాళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు, కూలీల ఇళ్లకు చదువుకున్న పిల్లలను పంపి ఫొటోలు తీయించాలి. ఊళ్లో కౌలుదారులందరి పేర్లు, సర్వే నంబర్లు, ఎకరాలు, పంట ఒక జాబితాగా రాసి, తహసీల్దారు ఆఫీసులో ఒకటి, వ్యవసాయాధికారికి ఒకటి ఇచ్చి, మన కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. తీసుకోమంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచాలి. ఎన్ని ఊళ్లలో జాబితాలు ఇచ్చారో, ఎక్కడ తీసుకోలేదో జిల్లా కమిటీకి అక్టోబరు 15కల్లా రాసి పంపండి, వచ్చే సంచికలో ఊరి పేర్లతో సహా వేస్తాం.